అమ్మకో నాన్నకో బీపీ ఉంటే, షుగర్ ఉన్న పిల్లలకి కూడా వస్తుందా? జీన్స్ చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత



ఈరోజు టాపిక్‌ని ఒక మాటతో మొదలుపెడతా. "మా వైపు ఎవరికీ లేదు." ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లకో, పన్నెండేళ్ల పిల్లాడికో షుగర్ అని తేలిన వారం లోపు ఈ మాట ఎవరో ఒకరు అంటారు. అత్తగారు అనొచ్చు, మేనత్త అనొచ్చు, ఒక్కోసారి నాన్నే అంటాడు. మాట చిన్నదే, దాని వెనక అర్థం పెద్దది. మీ వైపు నుంచే వచ్చింది అని. తర్వాత రెండో రౌండ్ ఉంటుంది. తల్లికి బీపీ ఉందనుకోండి, "ఇప్పుడు ఆ బీపీ కూడా దీనికి తగులుకుంటుందేమో" అంటారు.

మొదటి మాటలో చాలా భాగం తప్పు. రెండో మాటలో మాత్రం కొంచెం నిజం ఉంది. ఆ కొంచెం నిజం చాలా పనికొచ్చే నిజం, కానీ దాన్ని మన ఇళ్లలో తిట్టడానికి వాడుతున్నారు, పిల్లని కాపాడడానికి వాడట్లేదు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు ఇక్కడ కూర్చుని మాట్లాడుతున్నా. నేను చెప్పేది పేపర్లు చదివి అర్థం చేసుకున్నది. ఇది విని మందు ఆపడం, డోసు మార్చడం లాంటివి దయచేసి చెయ్యకండి. డాక్టర్‌ని ఏం అడగాలో తెలుసుకోవడానికి మాత్రం వాడుకోండి.

సరే, మొదట షుగర్ సంగతి చూద్దాం. పిల్లల్లో వచ్చే షుగర్ ఎక్కువగా టైప్ 1. అంటే మన ఒంట్లో రోగాలతో పోరాడే సైన్యమే పొరపాటున పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద దాడి చేస్తుంది. తీపి ఎక్కువ తినడం వల్ల రాదు. చాక్లెట్ల వల్ల రాదు. ఇందులో జీన్స్ పాత్ర ఉంది. ఆరో క్రోమోజోమ్ మీద హెచ్ఎల్ఏ అనే జీన్స్ గుంపు ఉంటుంది. "ఎవరు మనవాళ్లు, ఎవరు బయటివాళ్లు" అని ఆ సైన్యానికి చూపించే పని దానిది. అందులో డీఆర్3, డీఆర్4 అనే రకాలు ఉన్నవాళ్లకి టైప్ 1 రిస్క్ ఎక్కువ.

కానీ ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. టైప్ 1 కొత్తగా వచ్చిన పిల్లల్లో 10 మందిలో దాదాపు 9 మంది ఇళ్లలో అమ్మకి, నాన్నకి, అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి ఎవరికీ టైప్ 1 ఉండదు. అంటే "మా వైపు ఎవరికీ లేదు" అనే మాట రెండు వైపులా నిజమే! ఇంకో తమాషా ఏంటంటే, తల్లికి టైప్ 1 ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సుమారు 3 శాతం. తండ్రికి ఉంటే సుమారు 6 శాతం. యూరప్, అమెరికా లెక్కలు ఇవి. ఎప్పుడూ తల్లినే బోనులో నిలబెట్టేవాళ్లు ఈ రెండు నంబర్లూ ఒకసారి చూడాలి. ఒకే డీఎన్ఏ ఉన్న కవలల్లో ఒకరికి టైప్ 1 వచ్చినా రెండోవాళ్లకి కచ్చితంగా వస్తుందని లేదు. కోడ్ ఒకటే అయినా ఔట్‌పుట్ వేరు.

టైప్ 2 వేరే కథ. పెద్దవాళ్ల జబ్బు అనుకునేవాళ్లం, ఇప్పుడు టీనేజ్ పిల్లల్లో కూడా కనిపిస్తోంది. దాంట్లో కుటుంబం పాత్ర బాగా ఎక్కువ. దాని దగ్గరికి మళ్లీ వస్తా.

ఇప్పుడు బీపీ. "బీపీ జీన్" అని ఒకటి ఉంటుంది, అది ఉంటే బీపీ వస్తుంది, లేకపోతే రాదు అని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. 2018లో నేచర్ జెనెటిక్స్ అనే జర్నల్‌లో ఒక పెద్ద స్టడీ వచ్చింది. పది లక్షల మందికి పైగా జనాల డీఎన్ఏ, బీపీ రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. డీఎన్ఏలో బీపీతో సంబంధం ఉన్న చోట్లు మొత్తం 901 లెక్క తేలాయి. వాటిలో ఒక్కొక్కటి బీపీని ఎంత కదుపుతుందంటే, చాలావరకు ఒక పాయింట్ కూడా కదపదు. 120ని 120.4 చేసేవి, 119.7 చేసేవి, అలాంటివి వందలు. అమ్మ నుంచి కొన్ని, నాన్న నుంచి కొన్ని కలిసి వస్తాయి. మా ఆఫీసులో అయితే దీన్ని "ఒక్క బగ్ కాదు బాబూ, తొమ్మిది వందల చిన్న సెట్టింగ్‌లు" అనేవాళ్లం.

మరి ఒక్క జీన్ వల్లే బీపీ వచ్చే కుటుంబాలు లేవా? ఉన్నాయి, చాలా అరుదు. కానీ వాటి నుంచి నేర్చుకున్న పాఠం బంగారం లాంటిది. యేల్ యూనివర్సిటీలో రిచర్డ్ లిఫ్టన్ బృందం అలాంటి కుటుంబాలని వెతికి వెతికి పట్టుకుంది. ఒక్కో కుటుంబంలో ఒక్కో జీన్ చెడింది. కానీ ఆ జీన్స్ చేసే పని చూస్తే దాదాపు అన్నీ ఒకే చోటికి వస్తున్నాయి: కిడ్నీ ఉప్పుని ఎంత దాచుకుంటుంది, ఎంత బయటికి పంపుతుంది అనే దగ్గరికి. బీపీ అనగానే మనం గుండె వైపు చూస్తాం, టెన్షన్ వైపు చూస్తాం. జీన్స్ మాత్రం కిడ్నీ వైపు వేలు చూపిస్తాయి.

షుగర్ కూడా మొదట గురిపెట్టే చోట్లలో కిడ్నీ ఒకటి. అదీ అసలు లింక్.

కొంచెం లోపలికి వెళ్దాం, ఇక్కడ ఓపికగా వినండి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల చిన్న ఫిల్టర్లు ఉంటాయి. టీ వడగట్టే జాలీ లాంటివి అనుకోండి. రక్తం ఆ జాలీ మీదికి కొంత ప్రెషర్‌తో వస్తుంది, చెత్త కిందికి దిగిపోతుంది, ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లు పైనే ఉండిపోవాలి. రక్తంలో షుగర్ ఎక్కువైతే జాలీ దాటి షుగర్ కూడా కిందికి వచ్చేస్తుంది. కిడ్నీ ఏమో "అయ్యో, ఇది వేస్ట్ అవుతోంది" అని ఆ షుగర్‌ని వెనక్కి లాక్కుంటుంది. కానీ షుగర్‌ని ఒంటరిగా లాగలేదు, దాంతోపాటు సోడియం, అంటే ఉప్పుని కూడా లాగుతుంది. దాంతో ట్యూబులో కింద ఉన్న సెన్సార్ దగ్గరికి ఉప్పు తక్కువ చేరుతుంది. సెన్సార్‌కి ఏమనిపిస్తుంది? "ఫిల్టర్‌కి రక్తం సరిగ్గా రావట్లేదు" అనిపిస్తుంది. వెంటనే లోపలికి వచ్చే రక్తనాళాన్ని వెడల్పు చేస్తుంది. జాలీ మీద ప్రెషర్ పెరుగుతుంది. తప్పు సిగ్నల్‌కి సరైన రియాక్షన్ అన్నమాట. సర్వర్లతో పనిచేసిన వాళ్లకి ఈ రకం సమస్య బాగా తెలుసు.

ఏళ్ల తరబడి ఇలా జరిగితే జాలీ మందమవుతుంది, రంధ్రాలు చెడతాయి, ఆల్బుమిన్ లీక్ అవుతుంది. కిడ్నీ దెబ్బతింటే ఉప్పు ఇంకా నిలుస్తుంది, ఒంటి బీపీ పెరుగుతుంది. పెరిగిన బీపీ మళ్లీ జాలీనే కొడుతుంది. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతాయి.

మరి షుగర్ కంట్రోల్‌లో లేని ప్రతి పిల్లకీ ఇలా అవుతుందా? అవ్వదు. కొంతమందికి ఇరవై ఏళ్లు షుగర్ అటూ ఇటూగా ఉన్నా కిడ్నీ గట్టిగానే ఉంటుంది. కొంతమందికి అంతకంటే మంచి కంట్రోల్‌లో కూడా దెబ్బ తగులుతుంది. 1980ల్లో డాక్టర్లని తికమక పెట్టింది ఇదే.

అప్పుడు వరసగా మూడు పేపర్లు వచ్చాయి. 1987లో లండన్‌లో వైబర్టీ బృందం ఒక సింపుల్ పని చేసింది. టైప్ 1 ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతున్న వాళ్లని, పోనివాళ్లని తీసుకుని, వాళ్ల బీపీ కాదు, వాళ్ల అమ్మానాన్నల బీపీ చూసింది. ప్రొటీన్ పోతున్నవాళ్ల తల్లిదండ్రుల్లో బీపీ ఎక్కువగా ఉంది.  పిల్లల కిడ్నీ కథలో వాళ్ల బీపీ కనిపిస్తోంది. మరుసటి ఏడాది బోస్టన్‌లో జోస్లిన్ సెంటర్ నుంచి క్రోలెవ్‌స్కీ బృందం ఇదే దారిలో చూస్తే, అమ్మకో నాన్నకో బీపీ ఉన్న టైప్ 1 వాళ్లకి కిడ్నీ జబ్బు రిస్క్ మూడింతలు కనిపించింది. 1989లో మిన్నెసోటా వాళ్లు ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకి షుగర్ ఉన్న కుటుంబాలు తీసుకున్నారు. ఒకరికి కిడ్నీ దెబ్బతిని ఉంటే, రెండోవాళ్లలో 83 శాతం మందికి కిడ్నీ సమస్య ఛాయలు ఉన్నాయి. మొదటివాళ్ల కిడ్నీ బాగుంటే, రెండోవాళ్లలో 17 శాతం మందికే. 83 ఎక్కడ, 17 ఎక్కడ!

చాలా చిన్న స్టడీ అది, కొన్ని పదుల మందే. కాబట్టి 83 అనే అంకెని గోడ మీద రాసుకోవక్కర్లేదు. కానీ దిశ మాత్రం తర్వాత వేరే చోట్ల కూడా నిలబడింది.

ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న. కుటుంబంలో ఉంది అంటే జీన్స్‌లో ఉంది అనేనా? కాదు. ఒక ఇంట్లో వాళ్లు డీఎన్ఏ ఒక్కటే పంచుకోరు. వంటిల్లు కూడా పంచుకుంటారు. మన ఇళ్లలో ఆవకాయ జాడీ కూడా వంశపారంపర్యమే కదా! అప్పడం, ఊరమిరపకాయ, మజ్జిగలో ఉప్పు, సాయంత్రం చిప్స్ ప్యాకెట్, ఇన్‌స్టంట్ నూడిల్స్. అమ్మమ్మకి బీపీ, అమ్మకి బీపీ, పాపకి బీపీ అంటే అందులో జీన్ ఎంత, జాడీ ఎంత అని విడదీయాలి. కవలల మీద, కుటుంబాల మీద చేసిన స్టడీల్లో మనుషుల మధ్య బీపీ తేడాల్లో సుమారు 30 నుంచి 50 శాతం జీన్స్ వల్ల అని లెక్క వచ్చింది. మిగతాది జీన్స్ కాదు. నా దృష్టిలో ఇది మంచి వార్త. సగమైనా మన చేతిలో ఉంది.

సరే, ఏ జీన్ అని వెతికే పని మొదలైంది. 1990ల్లో ఒక జీన్ సూపర్‌స్టార్ అయింది. ఏసీఈ జీన్. పదిహేడో క్రోమోజోమ్ మీద ఉంటుంది. రక్తనాళాలని బిగించే యాంజియోటెన్సిన్ 2 అనే పదార్థాన్ని తయారుచేసే ఎంజైమ్‌కి ఇది కోడ్. కొంతమందిలో ఈ జీన్ మధ్యలో 287 అక్షరాల ఒక ముక్క ఎక్స్‌ట్రా ఉంటుంది, కొంతమందిలో ఉండదు. 1990లో ఫ్రాన్స్ పరిశోధకులు చెప్పిందేంటంటే, రక్తంలో ఆ ఎంజైమ్ ఎంత ఉంటుందనే తేడాలో దాదాపు సగం ఈ ఒక్క ముక్క ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది. ముక్క లేనివాళ్లలో ఎంజైమ్ ఎక్కువ.

లాజిక్ చూడండి, ఎంత అందంగా ఉందో. ఎంజైమ్ ఎక్కువ, రక్తనాళాలు బిగుసుకోవడం ఎక్కువ, బీపీ ఎక్కువ, కిడ్నీ పాడు. దొంగ దొరికాడు అనుకున్నారు. షుగర్ ఉన్న పెద్దల్లో, పిల్లల్లో ఎన్నో దేశాల్లో టెస్ట్ చేశారు. ఒక చోట అవును అని వచ్చింది, ఇంకో చోట కాదు అని వచ్చింది, మరో చోట కిడ్నీకి అవును, బీపీకి కాదు అని వచ్చింది. వంద మంది, రెండొందల మంది పిల్లల మీద ఒక జీన్ చూస్తే ఇలాగే అవుతుంది. ఒక పాయింట్ కదిలే ఎఫెక్ట్‌ని పట్టుకోవాలంటే వేలమంది కావాలి.

ఆ వేలమంది 2019లో దొరికారు. టైప్ 1 ఉన్న 19,406 మంది డీఎన్ఏని ఒకేసారి చూసిన స్టడీ అది. అందరూ యూరప్ మూలాలవాళ్లు, ఇది గుర్తుంచుకోండి, మన జనాభాకి యథాతథంగా అతికించలేం. టాప్‌లో వచ్చిన జీన్ ఏసీఈ కాదు. సీఓఎల్4ఏ3. అది దేనికి కోడ్ అంటే, ఇందాక చెప్పుకున్న జాలీ ఉంది కదా, దాని అడుగుపొరలో ఉండే కొలాజెన్‌కి! ఈ జీన్ బాగా చెడితే ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు వస్తుందని డాక్టర్లకి ముందే తెలుసు. ఇక్కడ మాత్రం ఒక్క అక్షరం మార్పు ఉన్నవాళ్లకి షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు నుంచి కొంత రక్షణ కనిపించింది.

ఇంకో ట్విస్ట్. ఆ జీన్ ఎఫెక్ట్ షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్లలోనే బాగా కనిపించింది. అంటే సిస్టమ్ మీద లోడ్ ఉన్నప్పుడే ఈ సెట్టింగ్‌కి పని. లోడ్ తగ్గిస్తే మంచి సెట్టింగ్ ఉన్నవాడికి, లేనివాడికి తేడా తగ్గిపోతుంది. "జీన్స్‌లో ఉంది, మనం ఏం చేస్తాం" అనేవాళ్లకి నేను చూపించే ఫస్ట్ పాయింట్ ఇదే.

ఇప్పుడు టైప్ 2 పిల్లల సంగతికి వస్తా అన్నా కదా. అమెరికాలో టుడే అని ఒక స్టడీ జరిగింది. 10 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న 699 మంది, అందరికీ టైప్ 2. మొదట్లో వాళ్లలో 11.6 శాతం మందికి బీపీ ఉంది. సగటున నాలుగేళ్లలోపే అది 33.8 శాతం అయింది. వాళ్లని వదలకుండా ఫాలో అయ్యారు. షుగర్ తేలిన 15 ఏళ్లకి 67.5 శాతం. ముగ్గురిలో ఇద్దరు. ఆ టైమ్‌కి వాళ్ల సగటు వయసు 26 దాటింది, అంతే. నాకంటే చిన్నవాళ్లు. నేను ఇక్కడ మైక్ ముందు కూర్చుని జోకులేస్తుంటే వాళ్లు రోజూ పొద్దున బీపీ మాత్ర వేసుకుంటున్నారు. అబ్బాయిల్లో, బరువు ఎక్కువున్నవాళ్లలో రిస్క్ ఇంకా ఎక్కువ. టైప్ 2 వచ్చిన టీనేజర్‌కి బీపీ చూడకపోవడం అనేది చాలా సీరియస్ లోపం.

కానీ చూడట్లేదు. మా ఇంట్లో సంగతే చెప్తా. మా అక్క కొడుక్కి ఇప్పుడు పదకొండేళ్లు, టైప్ 1, ఐదేళ్ల నుంచి ఇన్సులిన్. మా బావకి ముప్పై ఆరేళ్లకే బీపీ మాత్రలు. మూడు నెలలకోసారి హాస్పిటల్, ప్రతిసారీ హెచ్‌బీఏ1సీ, బరువు, ఎత్తు అన్నీ ఉన్నాయి. ఒక ఆదివారం కూర్చుని వాడి ఫైల్ మొత్తం తిరగేశా. ఐదేళ్లలో బీపీ రాసింది రెండే రెండుసార్లు. ఆ రెండుసార్లూ పెద్దవాళ్లకి కట్టే పట్టీనే వాడి చేతికి చుట్టారని అక్క చెప్పింది. "పిల్లాడికి బీపీ ఏంటిరా" అని మా అక్కే నన్ను ఎదురడిగింది. ఆ హాస్పిటల్ పేరు అనవసరం. ఓపీలో వంద మంది ఉంటే ఒక డాక్టర్ పరిస్థితి ఏంటో నాకూ తెలుసు.

తర్వాతి విజిట్‌కి అక్క, బావ ఇద్దరి బీపీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాం. డాక్టర్ గారు ఆ కాగితం చూసి ఒక్క క్షణం ఆగారు. చిన్న పట్టీ తెప్పించి కొలిచారు. మూడు వేర్వేరు విజిట్‌లలో చూశాక వాడి బీపీ వాడి వయసుకి, ఎత్తుకి ఉండాల్సినదానికంటే కొంచెం పైన ఉందని తేలింది. మందు ఇవ్వలేదు. యూరిన్ టెస్ట్ రాశారు, ఉప్పు సంగతి మాట్లాడారు, మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు సాయంత్రమే ఇంట్లో ఊరమిరపకాయల డబ్బా బావ కంచం దగ్గర నుంచి కూడా మాయమైంది. ఆయన ముఖం చూడాల్సింది.

పిల్లల బీపీ ఎందుకు తప్పిపోతుందంటే, దానికి 120 బై 80 అని ఒక్క నంబర్ లేదు. పదమూడేళ్ల లోపు పిల్లలకి వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి పట్టిక ఉంటుంది. అదే వయసు, అదే ఎత్తు ఉన్న వంద మంది పిల్లలని బీపీ వరసలో నిలబెడితే, 90వ స్థానం దాటితే జాగ్రత్త పడాలి, 95వ స్థానం దాటితే హై బీపీ కింద లెక్క. ఆరేళ్ల పాపకి 118 వచ్చిందనుకోండి, మనం "నార్మలే కదా" అంటాం. ఆ పాపకి అది హై. పదమూడు దాటాక పెద్దవాళ్ల లాగే సులువు: 120 లోపు మంచిది, 130 బై 80 దగ్గర నుంచి హై బీపీ.

పట్టీ సైజు ఇంకో గొడవ. పట్టీ లోపల గాలి నిండే సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో సుమారు 40 శాతం ఉండాలి, పొడవు చేతిని 80 నుంచి 100 శాతం చుట్టాలి. పెద్ద పట్టీ కడితే బీపీ తక్కువ చూపిస్తుంది, చిన్నది కడితే ఎక్కువ చూపిస్తుంది. మా మేనల్లుడి కేసులో పెద్దది కట్టారు, అంటే ఉన్న బీపీని అది దాచేసింది. పిల్ల ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోవాలి, వీపుకి ఆనుడు ఉండాలి, కాళ్లు నేలకి ఆనాలి, కుడి చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. చేతిలో ఫోన్ ఉండకూడదు. గేమ్‌లో బాస్ ఫైట్ నడుస్తుంటే ఎవరి బీపీ అయినా పెరుగుతుంది. ఒక్కసారి ఎక్కువ వస్తే కంగారు పడొద్దు, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూశాకే పేరు పెడతారు.

పగలు బాగుండి రాత్రి బాగోని బీపీ కూడా ఉంది. మామూలుగా మనం నిద్రపోతే బీపీ కూడా నిద్రపోతుంది, పగటి కంటే 10 శాతమో ఇంకా ఎక్కువో తగ్గుతుంది. 2002లో స్పెయిన్‌లోని వాలెన్సియా నుంచి ఎంపార్ లూర్బే బృందం ఒక పేపర్ ఇచ్చింది. ఐదేళ్లకు పైగా టైప్ 1 ఉన్న 75 మంది టీనేజర్లు, యువకులు. మొదట్లో అందరికీ బీపీ నార్మల్, మూత్రంలో ఆల్బుమిన్ నార్మల్. చేతికి 24 గంటల మెషిన్ కట్టి కొన్నేళ్లు ఫాలో అయ్యారు. 14 మందిలో ఆల్బుమిన్ లీక్ మొదలైంది. వాళ్ల పాత రికార్డులు చూస్తే, లీక్ కంటే ముందే రాత్రి పై బీపీ పెరిగింది. రాత్రి సరిగ్గా తగ్గినవాళ్లకి లీక్ రిస్క్ 70 శాతం తక్కువ.

అప్పటిదాకా కిడ్నీ చెడ్డాక బీపీ పెరుగుతుంది అనే చాలామంది అనుకునేవాళ్లు. ఇక్కడ ఆర్డర్ తిరగబడింది. క్లినిక్‌లో పగలు పదకొండింటికి చూస్తే అంతా పచ్చగానే కనిపిస్తుంది, రాత్రి రెండింటికి జరుగుతున్నది ఎవరికీ తెలియదు. అలా అని ప్రతి పిల్లకీ 24 గంటల మెషిన్ అక్కర్లేదు. కానీ ఇంట్లో బీపీ చరిత్ర ఉండి, క్లినిక్‌లో రీడింగ్ గీత మీద ఉన్నట్టుంటే, "రాత్రి బీపీ చూడాలా సార్" అని అడగడంలో తప్పు లేదు.

ఇక జీన్ టెస్ట్‌ల బిజినెస్. ఉమ్మి పంపితే మీ పిల్ల బీపీ భవిష్యత్తు చెప్తాం అనే ప్యాకేజీలు మీ ఫీడ్‌లో కూడా వస్తూ ఉంటాయి. టైప్ 1 ఉన్న పిల్లకి బీపీ వస్తుందా అని తెలుసుకోవడానికి ఆ డబ్బు నేనైతే పెట్టను. అమ్మానాన్నలు, అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ బీపీలు, ఎవరికైనా కిడ్నీ సమస్య వచ్చిందా, ఎన్నో ఏట వచ్చింది, ఇవి ఒక కాగితం మీద రాస్తే ఈరోజుకి చాలా సందర్భాల్లో దాన్ని మించిన సమాచారం ఆ ప్యాకేజీ ఇవ్వదు. ఇది ఫ్రీ. మీ అమ్మానాన్నలకి బీపీ ఉందో లేదో తెలియకపోతే ఈ వారమే మెషిన్ పెట్టండి. మనలో చాలామందికి ఉండి కూడా తెలియదు.

కొన్ని చోట్ల మాత్రం జీన్ టెస్ట్ జీవితాన్నే మార్చేస్తుంది. పుట్టిన ఆరు నెలల లోపు షుగర్ వస్తే అది సాధారణంగా టైప్ 1 కాదు, ఒక్క జీన్ చెడటం వల్ల వచ్చేది. కేసీఎన్‌జే11 అనే జీన్ అయితే, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ బృందం 2006లో చూపించింది: 49 మందిలో 44 మంది ఇన్సులిన్ ఆపి మాత్రలకి మారగలిగారు! అలాగే షుగర్‌తోపాటు చిన్నప్పటి నుంచే కిడ్నీలో నీటి తిత్తులు ఉంటే హెచ్ఎన్ఎఫ్1బీ అనే జీన్ చూస్తారు. అక్కడ కిడ్నీ సమస్య షుగర్ వల్ల వచ్చింది కాదు, రెండూ ఒకే జీన్ నుంచి వచ్చినవి.

మేనరికం గురించి కూడా చెప్పాలి, మన దగ్గర ఇంకా చేస్తున్నారు కాబట్టి. మామూలు టైప్ 1 మేనరికం వల్లే వచ్చిందని తీర్మానం చెయ్యకండి. కానీ దగ్గరి సంబంధంలో పుట్టిన బిడ్డకి షుగర్‌తోపాటు చూపు మందగించడం, వినికిడి తగ్గడం ఉంటే వుల్‌ఫ్రమ్ సిండ్రోమ్ లాంటివి అనుమానిస్తారు. పుట్టిన కొత్తలోనే షుగర్ వచ్చి, ఎముకలు, లివర్ సమస్యలు ఉంటే వాల్‌కాట్ రాలిసన్ అని ఇంకొకటి ఉంది. ఇవి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ కాపీలు కలిస్తేనే వస్తాయి. రెండు వైపుల నుంచీ. మళ్లీ ఎవరినీ బోనులో పెట్టలేరు.

మరి చెయ్యగలిగేది ఏంటి? షుగర్ కంట్రోల్ వల్ల బీపీకి లాభం ఉందా అంటే ఉంది. అమెరికా, కెనడాల్లో డీసీసీటీ అని 1,441 మంది టైప్ 1 వాళ్ల మీద 1993 దాకా జరిగిన పెద్ద ట్రయల్ ఉంది, 13 ఏళ్ల పిల్లల నుంచి 39 దాకా ఉన్నారు అందులో. షుగర్‌ని గట్టిగా కంట్రోల్ చేసిన గ్రూప్‌లో, ట్రయల్ అయిపోయాక కూడా, తర్వాతి ఏళ్లలో బీపీ వచ్చే రిస్క్ 24 శాతం తక్కువ ఉంది. బీపీ మందు కాదు, ఇన్సులిన్ సరిగ్గా వాడినందుకు!

మందుల విషయానికి వస్తే, పిల్లలకి బీపీ ఖాయమైతే ముందుగా వాడేది ఏసీఈ ఇన్హిబిటర్లు. ఇందాకటి సూపర్‌స్టార్ జీన్ తయారుచేసే ఎంజైమ్‌నే ఇవి ఆపుతాయి. అయితే బీపీ లేకపోయినా ముందు జాగ్రత్తగా అందరికీ ఇచ్చేద్దామా? ఆ ప్రశ్న కూడా అడిగారు. 2017లో వచ్చిన ఆడిట్ ట్రయల్‌లో 443 మంది టీనేజర్ల మీద పరీక్షించి చూస్తే, ఆల్బుమిన్ పెరగడం విషయంలో అనుకున్న లాభం రాలేదు. అందుకే అవసరమైనవాళ్లకే. ఒక ముఖ్యమైన హెచ్చరిక, ముఖ్యంగా ఇది వింటున్న అమ్మాయిలకి: ఈ మందులు కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. పద్దెనిమిదేళ్లకి మొదలుపెట్టిన మాత్ర ఇరవై నాలుగేళ్లకి, పెళ్లయ్యాక కూడా అలాగే కొనసాగుతూ ఉంటుంది. ప్రెగ్నెన్సీ ప్లాన్ ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పి మార్పించుకోవాలి.

యూరిన్ ఆల్బుమిన్ టెస్ట్ ఎప్పుడు? టైప్ 1 అయితే షుగర్ వచ్చి ఐదేళ్లు అయి, పిల్లకి పదేళ్లు నిండినా, లేదా అంతకు ముందే ఎదుగుదల వయసు మొదలైనా, అక్కడి నుంచి ఏడాదికోసారి. టైప్ 2 అయితే షుగర్ తేలిన రోజే, ఆ తర్వాత ప్రతి ఏడాదీ. పొద్దున లేవగానే పట్టిన మొదటి యూరిన్ అయితే మంచిది. బీపీ మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ. రీడింగ్‌ని చీటీ మీద కాదు, ఫోన్‌లో నోట్‌లో పెట్టుకోండి: తేదీ, పై నంబరు, కింది నంబరు, ఏ చెయ్యి, ఏ సైజు పట్టీ. మా మేనల్లుడి నోట్‌ని ఇప్పుడు వాడే మెయింటైన్ చేస్తున్నాడు, వాడి పక్కనే వాళ్ల నాన్న రీడింగ్ కూడా రాస్తాడు. పోయిన నెల నాన్నది 142 వచ్చిందని నాకు స్క్రీన్‌షాట్ పంపాడు.

వచ్చే ఎపిసోడ్‌లో సీజీఎం సెన్సార్లు ఎలా పనిచేస్తాయో, రక్తంలో షుగర్‌కి, సెన్సార్ చూపించే షుగర్‌కి కొన్ని నిమిషాల తేడా ఎందుకు ఉంటుందో చూద్దాం. ఉంటా అండి.